మత్స్యకార గ్రామంలో కళకూ పనితనానికీ ఆదాయం తేవడం ఎలా?

సముద్రం మీద బతికే ఊరికి ఆదాయం ఏడాది పొడవునా ఒకేలా రాదు. వాయుగుండం పట్టినప్పుడు, చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట నిలిపివేసినప్పుడు, ఇంజను పాడై పడవ ఒడ్డునే ఉండిపోయినప్పుడు ఇంట్లోకి రావలసిన డబ్బు ఒక్కసారిగా ఆగిపోతుంది. అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు. ఊరివాళ్ల చేతుల్లో ఇప్పటికే ఉన్న పనితనాన్ని, వాళ్లకు తెలిసిన కథనూ పాటనూ, సముద్రాన్ని చదవగలిగే చూపునూ ఆధారం చేసుకొని ఆ లోటును కొంతైనా పూడ్చుకొనే ఏర్పాటునే ఇక్కడ సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ అంటున్నాను. ఐక్యరాజ్యసమితి 2021ని సుస్థిరాభివృద్ధి కోసం సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించిన తరువాత ఈ మాట చాలా ప్రణాళికల్లో కనిపిస్తోంది. అయితే ప్రణాళికలో రాసుకోవడానికీ, ఒక ఊళ్లో పది కుటుంబాలకు నిజంగా డబ్బు అందడానికీ మధ్య చేయవలసిన పని చాలా ఉంది. ఆ పనిని ఏ వరుసలో చేస్తే ఊరికి మేలో ఈ వ్యాసంలో చెప్పే ప్రయత్నం చేస్తాను. మీరు ఊళ్లో పుట్టినవారైనా, సంఘంలో పనిచేసేవారైనా, బయటినుంచి సాయపడడానికి వచ్చినవారైనా ఈ వరుస పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు ఒక మనిషి సంగతి చెప్పాలి. ఇంగ్లండు నైరుతి కొసన సెయింట్ ఐవ్స్ అనే చేపల రేవు ఉంది. అక్కడ ఆల్ఫ్రెడ్ వాలిస్ అనే ఆయన యౌవనంలో పడవల మీద పనిచేసి, ఆ తరువాత పడవల పాత సామాను వ్యాపారం చేసి, భార్య చనిపోయాక దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. అట్టముక్కల మీద, పడవలకు వేసే రంగుతో, తనకు తెలిసిన ఓడలనూ రేవులనూ గీశాడు. 1928లో ఇద్దరు చిత్రకారులు ఆయనను గుర్తించారు. ఇప్పుడు ఆ బొమ్మలు పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. ఆయన మాత్రం 1942లో నిరుపేదల ఆశ్రమంలో కన్నుమూశాడు. కళ ఉంది, దానిని మెచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ దాని విలువ గీసిన చేతికి చేరే దారి లేదు. అందుకే ఏ వస్తువు చేయాలన్న ప్రశ్న కన్నా, దాని మీద హక్కు ఎవరిది, వచ్చిన డబ్బు ఎవరికి చేరుతుంది అన్న ప్రశ్నలను ముందు పెట్టుకోండి. ఈ వ్యాసంలోని ప్రతి మెట్టూ ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

మొదటి మెట్టు: ఊరి సమయాన్ని లెక్కగట్టండి

పెద్ద కాగితం మీద పన్నెండు నెలలూ గీసి, ఏ నెలలో ఏ వేట సాగుతుంది, ఏ రోజుల్లో పడవలు కదలవు, వలలు బాగుచేసుకొనే రోజులు ఏవి, చేపలు ఎండబెట్టే పని ఎప్పుడు ఎక్కువ అన్న వివరాలు నింపండి. ఇది ఒక్కరు కూర్చొని నింపగలిగేది కాదు. వేటకు వెళ్లేవాళ్లతో ఒకసారి, చేపలు అమ్మేవాళ్లతో ఇంకోసారి, ముసలివాళ్లతో మరోసారి కూర్చోవాలి. రోజులోని గంటలను కూడా విడిగా రాయండి. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరే వేళ ఎవరికీ తీరిక ఉండదు; మధ్యాహ్నం ఒకరికి ఖాళీ దొరికితే, ఆ వేళకే మరొకరు వంటలోనో నీళ్ల పనిలోనో ఉంటారు.

ఈ కాగితం తయారయ్యాక మీ పథకం దాని లోపల ఇమడాలి. నిండు వేట కాలంలో వంద వస్తువులకు ఆర్డరు ఒప్పుకుంటే, ఆ బరువు చివరికి ఇంట్లో ఆడవాళ్ల నిద్ర మీదా, పిల్లల చదువు మీదా పడుతుంది. వేట లేని కాలంలో తయారుచేసి నిల్వ పెట్టుకొని, వేట కాలంలో అమ్మగలిగే వస్తువులకు మొదటి స్థానం ఇవ్వండి.

రెండో మెట్టు: ఎవరికి ఏమి వచ్చో తెలుసుకోండి

ఇక్కడ తొందర పనికిరాదు. "మీకు ఏ కళ వచ్చు?" అని అడిగితే చాలామంది ఏమీ రాదనే అంటారు, ఎందుకంటే తాము రోజూ చేసే పనిని వాళ్లు కళ అనుకోరు. కాబట్టి అడగడం కన్నా పక్కన కూర్చొని చూడడం మేలు. వల బాగుచేసే మనిషి దగ్గర ఒక గంట కూర్చోండి. చిరిగిన చోటును ఉన్నది ఉన్నట్టుగా కలిపి కుట్టరు. ముందు దాని చుట్టూ పాడైన కన్నులను కోసి, చిరుగును శుభ్రమైన అంచులు గల ఖాళీగా మారుస్తారు. ఆ తరువాత వల అల్లే సూదికి దారం చుట్టుకొని, పై అంచు నుంచి ఒక్కొక్క కన్నూ దింపుతూ, వేలితోనో చిన్న పలకతోనో కొలత చూసుకుంటూ, ప్రతి కలయిక దగ్గరా ముడిని బొటనవేలి కింద నొక్కిపట్టి బిగిస్తారు. ముడి జారితే కన్ను పెద్దదవుతుంది, కన్ను పెద్దదయితే చేప పోతుంది. చూపు అటు తిప్పి మాట్లాడుతూ కూడా ఆ చేతులు తప్పు చేయవు. ఈ పనితనంతో సంచి అల్లవచ్చు, ఊయల అల్లవచ్చు, గదిని వేరుచేసే తెర అల్లవచ్చు, పెద్ద శిల్పానికి చట్రమూ కట్టవచ్చు.

ఇదే తీరులో పడవకు చెక్క వంచేవాళ్లను, తెరచాప కుట్టేవాళ్లను, పడవ మీద పేర్లూ బొమ్మలూ రాసేవాళ్లను, వల లాగేటప్పుడు పాట అందుకొనేవాళ్లను, మబ్బు రంగు చూసి గాలి మారుతుందని చెప్పగలిగేవాళ్లను గుర్తించి రాసుకోండి. మహిళలతో తప్పనిసరిగా విడిగా మాట్లాడండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, చిన్న తరహా మత్స్యరంగంలో పనిచేసే ప్రతి పదిమందిలో నలుగురు మహిళలే. అయినా రేవులో సమావేశం పెడితే వాళ్ల మాట వినబడదు, వాళ్ల నైపుణ్యం జాబితాలోకి రాదు.

జాబితా రాసేటప్పుడే అమ్మకూడని వాటిని కూడా రాయండి. కొన్ని పాటలు చావు దగ్గరో పూజ దగ్గరో తప్ప పాడరు. కొన్ని గుర్తులు ఒక వంశానికే చెందుతాయి. వాటిని వేదిక మీదికో, చొక్కాల మీదికో తేవాలా వద్దా అన్నది వాటి సొంతదారులు తేల్చవలసిన విషయం. వాళ్లు వద్దంటే అక్కడితో ఆగిపోవాలి.

మూడో మెట్టు: రికార్డు చేసి, ముందుగా ఊరికే చూపించండి

కెనడా తూర్పు తీరంలోని ఫోగో ద్వీపంలో 1967లో జరిగిన పని ఇందుకు మంచి పాఠం. ద్వీపంలోని చిన్న చిన్న పల్లెలను ఖాళీ చేయించాలన్న ఆలోచన ప్రభుత్వంలో ఉన్న రోజుల్లో, కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు తరఫున కాలిన్ లో అనే దర్శకుడు అక్కడి జాలరులతో 27 చిన్న సినిమాలు తీశాడు. తీసిన వాటిని ముందుగా ఆ ద్వీపవాసులకే వేసి చూపించారు. ఒక పల్లె కష్టం మరో పల్లెకు తెలిసింది. ఒకరి మాట ఇంకొకరు తెర మీద విన్నారు. అందరి సమస్యా ఒకటేనన్న సంగతి అర్థమైంది. ఆ ఏడాదే అక్కడ మత్స్యకారుల సహకార సంఘం ఏర్పడింది, ద్వీపం ఖాళీ కాలేదు.

మీకు ఇప్పుడు సినిమా బృందం అవసరం లేదు. మంచి వెలుతురులో ఒక ఫోనూ, గాలి హోరు తగ్గించే చిన్న మైకూ చాలు. ఒక్కొక్కరి దగ్గర పదిహేను నిమిషాలు తీసి, పేరు, తేదీ, ఏ పని, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న వివరాలు రాసి భద్రపరచండి. ఇంటర్నెట్‌లో పెట్టే ముందు ఒక సాయంత్రం తెర కట్టి ఊరంతటికీ చూపించండి. ఎవరైనా తమ భాగం వద్దంటే తీసేయండి. తేదీతో ఉన్న ఈ రికార్డు, రేపు ఎవరైనా మీ అల్లికనో గీతనో తమ సొంతమని చెప్పుకుంటే, ఇది ముందు నుంచీ మాదే అని చూపడానికి కూడా ఉపయోగపడుతుంది.

నాలుగో మెట్టు: డబ్బు రాకముందే నియమాలు రాసుకోండి

సంఘం, సహకార సంస్థ, ఉత్పత్తిదారుల కంపెనీ వంటి వాటిలో ఏ రూపం ఎంచుకోవాలన్నది మీ ప్రాంతపు చట్టాన్ని బట్టి ఉంటుంది. దానికి సంబంధించిన అధికారినో, అనుభవం ఉన్న అకౌంటెంట్‌నో అడిగి తేల్చుకోండి. రూపం కన్నా నాలుగు నియమాలు ముఖ్యమని నా అభిప్రాయం. వస్తువు చేసిన మనిషికి, అది అమ్ముడైనా కాకపోయినా, పని పూర్తయిన వెంటనే ఒప్పుకున్న కూలి అందాలి. నమూనా మీద హక్కు సంఘం పేరున ఉండాలి, దానిని మొదట గీసినవారి పేరు మాత్రం ఎప్పటికీ నిలవాలి. మిగులు డబ్బులో ఎంత భాగం ఊరి నిధికి వెళ్తుందో అంకెతో సహా రాసి ఉండాలి. ఖాతా నుంచి డబ్బు తీయడానికి కనీసం ఇద్దరి సంతకాలు కావాలి, వారిలో ఒకరు మహిళ అయి ఉండాలి.

బయటి డిజైనరును పిలిస్తే ఆయనకో ఆమెకో ఫీజు ఇచ్చి పంపండి. నమూనాల మీద శాశ్వత హక్కు ఇవ్వకండి. ఫోగో ద్వీపంలోనే దీనికి కూడా మంచి ఉదాహరణ ఉంది. 1992లో అక్కడి తీరంలో కాడ్ చేపల వేటను నిలిపివేయడంతో ఊళ్లకు ఊళ్లే బతుకుతెరువు కోల్పోయాయి. అక్కడే పుట్టి బయట స్థిరపడిన జీటా కాబ్ ఆ తరువాత తన సోదరులతో కలిసి షోర్‌ఫాస్ట్ అనే ధార్మిక సంస్థను నెలకొల్పారు. 2013లో వాళ్లు తెరిచిన 29 గదుల హోటల్‌లోని కుర్చీలనూ బల్లలనూ డిజైనర్లు గీస్తే, పడవలు కట్టిన అనుభవం ఉన్న స్థానికులు తయారుచేశారు. పరుపుల మీది బొంతలను ద్వీపంలోని మహిళలే కుట్టారు. మిగులు ఆ సంస్థ ద్వారా తిరిగి ద్వీపానికే చేరుతుంది. అంతేకాదు, ఆహారపు పొట్లం మీద పోషకాల పట్టిక ఉన్నట్టుగా, కొనేవారు చెల్లించిన డబ్బులో కూలికి ఎంత పోయింది, ద్వీపంలో ఎంత నిలిచింది, బయటికి ఎంత వెళ్లింది అన్న వివరాలతో ఒక పట్టికను వాళ్లు ప్రకటిస్తున్నారు. ఇంత పెట్టుబడి మీ ఊరికి రాకపోవచ్చు. కానీ ఆ పట్టిక వేయడానికి పెట్టుబడి అవసరం లేదు. మీ వస్తువుకు కట్టే చీటీ మీద మొదటి రోజు నుంచే దానిని ముద్రించండి.

అయిదో మెట్టు: ఒకటి రెండు వస్తువులతో మొదలుపెట్టండి

పది రకాలు మొదలుపెట్టిన చోట ఏ ఒక్కటీ బాగా కుదరదు. మీ జాబితాలో ఎక్కువమందికి చేతనైనదీ, ముడిసరుకు దగ్గరలోనే దొరికేదీ ఒకటి తీసుకోండి. అందులో చేయి తిరిగాక రెండోదానికి వెళ్లండి.

పట్టిన చేపనే అచ్చుగా మార్చే జపాను పద్ధతిని పరిశీలించవచ్చు. దానిని గ్యోటాకు అంటారు. 19వ శతాబ్దంలో పట్టిన చేప పరిమాణాన్ని నమోదు చేసుకోవడానికి అక్కడివాళ్లు వాడిన పద్ధతి ఇది. చేప మీది జిగురును ఉప్పుతో రుద్ది, కడిగి, బాగా తుడిచి ఆరబెట్టాలి. రెక్కలను విప్పి సూదులతో నిలబెట్టి, పలుచటి పొరగా సిరా పూసి, మెత్తటి కాగితం పరిచి, తల నుంచి తోక వైపు వేళ్లతో నెమ్మదిగా అదమాలి. కాగితం ఎత్తగానే ప్రతి పొలుసూ కనిపిస్తుంది. కన్ను మాత్రం అచ్చులో సరిగా పడదు కాబట్టి దానిని చివరలో కుంచెతో గీస్తారు. మీరు ఈ పద్ధతి తీసుకుంటే మీ తీరపు చేపలతోనే వేయండి, కింద మీ ఊరు ఆ చేపను పిలిచే పేరు, అది ఏ కాలంలో ఏ లోతున దొరుకుతుంది అన్న విషయం రాయండి. పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పండి. అప్పుడు గోడకు వేలాడే ఆ కాగితం మీ సముద్రపు రికార్డు కూడా అవుతుంది.

పాత వలలతో పనిచేయడం మరో దారి. ఆస్ట్రేలియాకూ న్యూగినీకీ మధ్య ఉన్న టోరెస్ జలసంధిలోని ఎరుబ్ ద్వీపపు కళాకారులు, సముద్రంలో వదిలేయగా కొట్టుకొచ్చిన వలలతో తాబేళ్లు, చేపలు, పడవల శిల్పాలు అల్లి ప్రపంచంలోని ఎన్నో మ్యూజియంలకు చేర్చారు. ఈ పనిలో కొన్ని జాగ్రత్తలు తప్పవు. నైలాన్ వలనూ పాలిథిలీన్ తాడునూ వేరుచేయండి, ఎందుకంటే వేడి తగిలినప్పుడు రెండూ వేరువేరుగా ప్రవర్తిస్తాయి. ఎండకు పెళుసెక్కి, నలిపితే పొడిగా రాలే వలను ముట్టకండి. అది ఏ వస్తువు చేసినా నిలవదు, ఆ పొడి నీళ్లలోకి పోతుంది. గాలాలూ తీగలూ ముందే తీసేయాలి. కడిగిన నీళ్లను సముద్రంలోకి వదలకుండా గుడ్డతో వడగట్టండి. నీళ్ల అడుగున రాళ్లకు చిక్కుకున్న వలను శిక్షణ లేనివారు తీయబోతే ప్రాణం మీదికి వస్తుంది. ఒడ్డుకు చేరినదీ, రేవులో పారేసినదీ మాత్రమే సేకరించండి.

ఆరో మెట్టు: ధర కట్టడం

చాలా ప్రయత్నాలు దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. పాత వలతో చేసే ఒక సంచిని ఉదాహరణగా తీసుకుందాం. గంట కూలిని ఒక భాగంగా లెక్కిద్దాం. వల కోయడానికి అరగంట, కడిగి ఆరవేయడానికి ఒక గంట, కుట్టడానికి మూడు గంటలు, పిడి వేసి అంచులు సరిచేయడానికి అరగంట, మొత్తం అయిదు గంటలు, అంటే అయిదు భాగాలు. దారం, లోపలి గుడ్డ, పనిముట్ల అరుగుదల కలిపి ఒక భాగం. ఇప్పటికి ఆరు.

చాలామంది ఈ ఆరుకే అమ్మేస్తారు. దుకాణం నూటికి ముప్ఫై తీసుకుంటే చేతికి వచ్చేది 4.2, అందులో సరుకు ఖర్చు ఒకటి పోగా మిగిలేది 3.2. అంటే అయిదు గంటలు పనిచేసిన మనిషికి మూడు గంటల పైచిలుకు కూలి మాత్రమే దక్కింది. ఇంకా చెడిపోయిన సంచుల లెక్క ఇందులోకి రానే లేదు. పదింటిలో ఒకటి పనికిరాకుండా పోతుందనుకుంటే, అమ్మదగ్గ తొమ్మిది సంచులు అరవై భాగాల ఖర్చును మోయాలి. ఒక్కొక్కదానికి దాదాపు 6.7 పడుతుంది. అమ్మకపు ధరలో దుకాణానికి నూటికి ముప్ఫై, ఊరి నిధికి నూటికి పది పోవాలంటే, మిగిలిన అరవై వంతులు ఆ 6.7తో సమానం కావాలి. అప్పుడు ధర పదకొండు భాగాలు దాటుతుంది. ఆరుకు అమ్ముదామనుకున్న సంచికి న్యాయమైన ధర పదకొండు అన్నమాట. అంత ధర పెట్టి ఎవరూ కొనరు అనిపిస్తే కూలి తగ్గించకండి; కుట్టే సమయం తగ్గే నమూనా వెతకండి, లేదా ఆ వస్తువును వదిలేయండి. సమయాన్ని అంచనాతో కాకుండా గడియారం పెట్టి, ముగ్గురు వేరువేరు మనుషుల చేత చేయించి కొలవండి.

ఏడో మెట్టు: అమ్మకం

మొదటి కొనుగోలుదారులుగా హోటళ్లు, మ్యూజియం దుకాణాలు, కార్యాలయాల వంటి సంస్థలను వెతకండి. ఒక్కొక్కటి అమ్మే వెబ్‌సైట్ కన్నా ఇరవై వస్తువుల ఆర్డరు మీ పనిని త్వరగా చక్కబరుస్తుంది. దుకాణంలో ఉంచి, అమ్ముడైతేనే డబ్బు ఇస్తామనే పద్ధతిలో కొన్ని చోట్ల ధరలో సగం దాకా కోత ఉంటుంది. డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో, చెడిపోయిన సరుకు ఎవరి నష్టమో రాతలో పెట్టించండి.

చేపల వ్యాపారి ఇచ్చే అడ్వాన్సు ఎలా పనిచేస్తుందో మత్స్యకారులకు నేను చెప్పనక్కరలేదు. డబ్బు ముందు తీసుకుంటే సరుకు అతనికే, అతను చెప్పిన ధరకే వెళ్తుంది. చేతిపని వ్యాపారంలోకి కూడా అదే ముడి రాకుండా కాచుకోవాలి. ఆర్డరు మీద అడ్వాన్సు తీసుకోవచ్చు, కానీ అది ఆ ఒక్క ఆర్డరుకే పరిమితమని, ఇతరులకు అమ్మే స్వేచ్ఛ మీదేనని రసీదులో రాయండి. ట్రేడ్‌మార్కును సంఘం పేరున నమోదు చేయించడం తొలి ఏడాదిలోనే చేయదగిన పని. భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు వస్తువు అన్న పేరుకు చట్టం ఇచ్చే రక్షణ, కూడా మంచిదే, కానీ దానికి రుజువులూ సమయమూ చాలా కావాలి; మీ వస్తువు నాణ్యత ఒకే తీరుగా నిలబడ్డాక ప్రయత్నించండి.

ఎనిమిదో మెట్టు: చూడవచ్చేవాళ్లను ఎలా రానివ్వాలి

రేవు పనిచేసే చోటు. ఈ ఒక్క మాటను ప్రతి సందర్శకుడికీ ముందే చెప్పాలి. పడవలు దిగే వేళ ఎక్కడ నిలబడాలో గీత గీసి చూపండి, ఒక విడతకు పన్నెండు మందికి మించనివ్వకండి, మనుషుల ఫొటో తీసే ముందు అడగాలన్న నియమం పెట్టండి, పిల్లల ఫొటోలు అసలు వద్దనండి. సందర్శకులను పడవ ఎక్కించాలంటే చేపల పడవ లైసెన్సు చాలదు. ప్రయాణికుల అనుమతి, లైఫ్ జాకెట్లు, బీమా ఉండి తీరాలి. వాతావరణం బాగాలేదని ఊరి పెద్ద సరంగు అంటే ముందుగా డబ్బు కట్టినవాళ్లకైనా తిరిగి ఇచ్చేసి పంపించాలి. ఆతిథ్యం ఇచ్చే ఇళ్లకు వరుస జాబితా పెట్టి, వంతు ప్రకారం పంపండి. లేకపోతే బాగా మాట్లాడగలిగిన రెండు ఇళ్లకే లాభమంతా చేరి ఊళ్లో మనసులు విరుగుతాయి.

దక్షిణ కొరియాలోని జెజు ద్వీపంలో ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి మునిగి, నత్తలూ సముద్రపు నాచూ ఏరే హేన్యో మహిళల సంప్రదాయాన్ని యునెస్కో 2016లో తన జాబితాలో చేర్చింది. 1960లలో ఇరవై వేలకు పైబడి ఉన్న ఆ మహిళలు ఇప్పుడు చాలా తగ్గిపోయారు, ఉన్నవాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. అక్కడి జోంగ్దాల్ గ్రామంలో ఒకప్పటి చేపల వేలం కేంద్రాన్ని నాటకశాలగా మార్చి, యువ కళాకారులతో కలిసి ఆ మహిళలు తమ జీవితాన్ని నటించి చూపి, తాము తెచ్చిన సరుకుతో భోజనం పెట్టే ఏర్పాటు చేశారు. తమ కథను తామే చెప్పడం నాకు అందులో నచ్చిన విషయం. మీ ఊళ్లోనూ గైడుగా బయటి కుర్రవాణ్ని పెట్టకండి; వేట మానేసిన పెద్దవారిని పెట్టి కూలి ఇవ్వండి.

తొమ్మిదో మెట్టు: ఇళ్లనూ తీరాన్నీ కాపాడుకోండి

పేరు వచ్చిన తీరపు ఊళ్లో ముందుగా మారేది ఇంటి అద్దె. సెయింట్ ఐవ్స్‌లో బయటివాళ్లు సెలవుల కోసం కొనుక్కున్న ఇళ్లు పెరిగి, స్థానికులకు ఇల్లు దొరకడం కష్టమైపోయింది. 2016లో అక్కడ ఓటింగ్ పెడితే, కొత్తగా కట్టే ఇళ్లు ఏడాది పొడవునా నివసించేవారికే దక్కాలన్న ప్రణాళికకు 80 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. అదే ఊళ్లో పోర్త్‌మియర్ స్టూడియోలనే పాత కట్టడం ఉంది. అందులో పై అంతస్తులో చిత్రకారులు పనిచేస్తే, కింది గదుల్లో ఇప్పటికీ జాలరులు తమ వలలు సిద్ధం చేసుకుంటారు. ఆ కట్టడం ఒక ట్రస్టు చేతిలో ఉండబట్టే అది ఖరీదైన ఫ్లాట్లుగా మారలేదు.

కాబట్టి పేరు రాకముందే వల గదులు, పడవలు లాగే స్థలం, చేపలు ఎండబెట్టే నేల ఎవరి పేరున ఉన్నాయో రికార్డులు తీయించండి. ఉమ్మడి స్థలమైతే సర్వే చేయించి హద్దురాళ్లు వేయించండి. ఊరి నిధిలో చేరే డబ్బులో మొదటి ఖర్చు దీనికే కేటాయించమని నా సలహా. 2014లో ఆహార, వ్యవసాయ సంస్థ ఆమోదించిన చిన్న తరహా మత్స్యరంగ మార్గదర్శకాలు సంప్రదాయ తీర హక్కులను గుర్తించాలని ప్రభుత్వాలను కోరుతున్నాయి. అధికారులకు అర్జీ పెట్టేటప్పుడు వాటిని ప్రస్తావించండి.

ఏడాది తిరిగాక

వేట లేని రోజున అందరినీ పిలిచి లెక్క చదవండి. చదివే పనిని అధ్యక్షుడికి కాకుండా, ఆ ఏడాది వస్తువులు చేసినవాళ్లలో ఒకరికి అప్పగించండి. మొత్తం అమ్మకం ఎంతన్నది ఒక్క వాక్యంలో ముగించి, ఎన్ని ఇళ్లకు డబ్బు చేరింది, ఏ నెలల్లో చేరింది, అందులో మహిళల ఖాతాలో పడినది ఎంత, పని నేర్చుకున్న కొత్తవాళ్లు ఎందరు, ఇంటి అద్దె ఎంత పెరిగింది, వేటకు వెళ్లే పడవలు ఎన్ని తగ్గాయి అన్న అంకెలను నిదానంగా చదివించండి. చివరి అంకె పెరిగి ఉంటే, దానికి కారణం సముద్రమా మీ ఆర్డర్లా అన్నది పడవల వాళ్లనే అడగండి. మీ ఆర్డర్లే అని తేలితే, వచ్చే వేట కాలానికి ఒప్పుకున్న పనిని ఆ సమావేశంలోనే తగ్గించి, కొనుగోలుదారులకు అదే వారం కబురు పంపండి.